ఆరేళ్ళ హార్మోన్ జెల్, నేను మూడు నెలలు మానేసిన క్యాప్సూల్

నాకు 57 ఏళ్ళు. బరంపురంలో మా పట్టుచీరల కొట్లో కూర్చుంటాను. 49వ ఏట నెలసరి ఆగిపోయింది. 51లో ఈ మందులు మొదలుపెట్టాను. పొద్దున ఒంటికి రాసుకునే ఈస్ట్రడయాల్ జెల్ ఒక కొలత, అంటే ఈస్ట్రోజెన్ హార్మోన్. రాత్రి పడుకునే ముందు ప్రొజెస్టెరాన్ అనే ఇంకో హార్మోన్ క్యాప్సూల్ 100 మిల్లీగ్రాములు. మెనోపాజ్ అంటే ఏమిటో ఇక్కడ చెప్పను, నా ఈడువాళ్ళకి అది ఒకరు చెప్పాల్సిన పని లేదు.

జెల్ దాకా నన్ను తీసుకెళ్ళింది ఒక చీర. అస్కా నుంచి పెళ్ళి బేరానికి వచ్చారు. ఫోడా కుంభం అంచు ఉన్న ఎర్రచీర విప్పి చూపిస్తున్నాను. మెడ దగ్గర పుట్టిన వేడి ఆవిరి ఒక్కసారిగా నెత్తికెక్కింది. నుదుటి చెమట చీర మీద పడింది. పట్టు మీద నీటి మరక ఊరికే పోదు. వాళ్ళు మర్యాదస్తులు, ఏమీ అనకుండా వేరే చీర తీసుకున్నారు. ఆ రోజుల్లో రాత్రికి నాలుగుసార్లు లేచి జాకెట్టు మార్చుకునేదాన్ని. తెల్లవారేసరికి ఇంట్లో ఎవరు పలకరించినా విసుగ్గా ఉండేది.

జెల్ రాసుకున్న మూడో వారానికి ఆవిర్లు సగానికి తగ్గాయి, మూడు నెలలకి దాదాపు లేవు. మధ్యలో లేవకుండా నిద్రపోయిన మొదటి రాత్రి నాకు ఇప్పటికీ గుర్తుంది. పొద్దున కాకులు అరుస్తుంటే మెలకువ వచ్చింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మాత్ర కాకుండా జెల్ ఎందుకంటే, మా అమ్మకి కాలి రక్తనాళంలో గడ్డ కట్టింది. ఈస్ట్రోజెన్ని మింగితే అది ముందు కాలేయానికి వెళ్తుంది, అక్కడ రక్తం గడ్డకట్టే గుణాన్ని పెంచుతుంది. చర్మం నుంచి వెళ్తే ఆ భయం బాగా తక్కువని డాక్టరమ్మ చెప్పారు. ట్యూబుతో చిన్న ప్లాస్టిక్ కొలబద్ద వస్తుంది. దాని నిండా జెల్ తీస్తే 2.5 గ్రాములు. 80 గ్రాముల ట్యూబు నెల దాటి రెండు రోజులు వస్తుంది. మన సముద్రపు గాలిలో వేసవిలో త్వరగా ఆరదు, స్నానం చేసి ఒళ్ళు బాగా తుడుచుకుని ఫ్యాను కింద నిలబడాలి. ఇంట్లో చంటిపిల్లలుంటే అది ఆరేదాకా ఎత్తుకోకూడదు. మా మనవరాలు నిద్ర లేవకముందే నేను రాసేసుకుంటాను.

ఆ మొదటి ఏడాది ఇచ్ఛాపురంలో ఉన్న మా వదినతో, "ఈ జెల్ ఒక్కటి రాసుకుంటే చాలు వదినా, మళ్ళీ మనిషివవుతావు" అన్నాను. ఆ మాట నేను అనకుండా ఉండాల్సింది. గర్భసంచి ఉన్న ఆడవాళ్ళకి జెల్ ఒక్కటే చాలదు.

ఠాకురాణి యాత్ర వచ్చింది. రెండేళ్ళకోసారి జరిగే పండగ. అమ్మవారు పుట్టింటికి వచ్చినట్టు ఆ నెల్లాళ్ళూ ఊరికి నిద్రుండదు. రాత్రి ఘటాలు తిరుగుతాయి, పులివేషాలు, డప్పులు. విశాఖ నుంచి, పాతపట్నం నుంచి మా వాళ్ళు పద్నాలుగు మంది దిగారు. ఈ క్యాప్సూల్ వేసుకున్న గంటకి నాకు తల బరువెక్కి మత్తు కమ్ముతుంది. అర్ధరాత్రి చుట్టాలకి వడ్డించాలి, అమ్మవారు కొలువున్న దేశీబెహరా వీధికి తీసుకెళ్ళాలి. ఈ నాలుగు రోజులు ఆపితే ఏమవుతుందిలే అనుకుని క్యాప్సూల్ ఆపేశాను. జెల్ మాత్రం ఒక్క పూట కూడా మానలేదు. నాలుగు రోజులు నెలయ్యాయి, యాత్ర ముగిసింది, పెళ్ళిళ్ళ సీజను వచ్చింది. నాకు ఏ లోటూ తెలియలేదు. ఆవిర్లు రాలేదు, కొట్లో హుషారుగానే ఉన్నాను. నిద్ర కొంచెం పలచబడితే డప్పుల మోత వల్లే అనుకున్నాను.

మూడో నెల దాటాక ఒక పొద్దున లంగా మీద రక్తం మరక చూశాను. ఏడేళ్ళ తర్వాత. గోడ పట్టుకుని నిలబడిపోయాను. మా ఆయనకి కూడా సాయంత్రం దాకా చెప్పలేదు.

స్కానులో గర్భసంచి లోపొర 9 మిల్లీమీటర్లు ఉంది. ముక్క పరీక్షకి పంపారు. రిపోర్టుకి పన్నెండు రోజులు పట్టింది. కొట్లో చీరలు మడత పెడుతూ, ఏది ఎవరికివ్వాలో మనసులో పంచుకున్నాను. చివరికి కణాల్లో చెడు ఏదీ లేదని వచ్చింది. డాక్టరమ్మ నన్ను తిట్టలేదు. జెల్ గర్భసంచి లోపొరని పెంచుతూ ఉంటుందని, దాన్ని అదుపులో ఉంచేది క్యాప్సూలేనని, ఏళ్ళ తరబడి అలా వదిలేస్తే క్యాన్సర్ దాకా పోవచ్చని చెప్పారు. జెల్ చేసే మేలు ఒంటికి తెలుస్తుంది. క్యాప్సూల్ చేసే పని తెలియదు, అది మానేసినా తెలియదు. నా బాధ అక్కడే. మొదటి చీటీ రాసిన రోజు ఈ ముక్క ఎవరైనా నాకు గట్టిగా చెప్పి ఉంటే! మందుల షాపులో కూడా రెండూ విడివిడిగా ఇచ్చేస్తారు, ఒకటి తీసుకుని రెండోది వద్దన్నా ఎవరూ ఆపరు.

కొన్నాళ్ళు క్యాప్సూల్ మోతాదు పెంచారు. మూడు నెలల తర్వాత తీసిన స్కానులో లోపొర 4కి దిగింది. ఇప్పుడు క్యాప్సూల్ సీసా నా దిండు పక్కన, మంచినీళ్ళ చెంబు మీద ఉంటుంది. దాన్ని తీయకుండా నీళ్ళు తాగలేను.

మా ఆయన కూడా, మగవాళ్ళకి ఇలాంటిది లేదా, నీరసంగా ఉంటోంది అన్నారు. పొద్దున పదిలోపు రెండుసార్లు రక్తం తీసి టెస్టోస్టెరాన్ చూశారు. సరిపడా ఉంది, మందు వద్దన్నారు. ఆయన సాయంత్రం నడక మొదలుపెట్టారు.

రొమ్ము క్యాన్సర్ భయం నాకు లేదని చెప్పను. 2002లో అమెరికాలో మధ్యలో ఆపేసిన పెద్ద అధ్యయనం గురించి డాక్టరమ్మే చెప్పారు. అందులో రెండు హార్మోన్ల మాత్ర వాడిన పది వేల మందిలో ఏడాదికి ఎనిమిది రొమ్ము క్యాన్సర్లు అదనంగా కనిపించాయి. అవి వేరే రకం హార్మోన్లు, వాళ్ళ సగటు వయసు 63. అయినా ఏళ్ళు గడిచేకొద్దీ లెక్క మారుతుందని ఆవిడ దాచలేదు. అందుకే మామోగ్రామ్ ఎగ్గొట్టను. మా ఇంట్లో ఎవరికీ రొమ్ము క్యాన్సర్ లేదు, నేను మొదలుపెట్టింది నెలసరి ఆగిన రెండేళ్ళకే. ఆ రెండూ నాకు కలిసొచ్చాయి. అరవై దాటి కొత్తగా మొదలుపెట్టాలనుకునేవాళ్ళకి నా అనుభవం చూసి ధైర్యం చెప్పలేను. మా అప్పకి గర్భసంచి తీసేశారు, ఆవిడకి క్యాప్సూల్ గొడవే లేదు, ఆవిడ కథ వేరు. వదినకి మాత్రం ఫోన్ చేసి, చాలు అన్న నా మాట వెనక్కి తీసుకున్నాను.

మళ్ళీ మొదలుపెట్టమంటే మొదలుపెడతాను. ఆ నిద్ర కోసం, కొట్లో కుదురుగా కూర్చోవడం కోసం. ఎన్నాళ్ళని అడిగితే మాత్రం తెలియదు. ఈ ఎండలు తగ్గాక కొలబద్దని సగం నింపి చూద్దామన్నారు డాక్టరమ్మ. సరేనన్నాను.