థార్‌కు గాలి మిషన్: డబ్బా మీది 150 పీఎస్ఐ చూసి కొనకండి

టైర్లకు గాలి కొట్టే మిషన్ కోసం ఆన్‌లైన్‌లో వెతికితే దాదాపు ప్రతి డబ్బా మీదా పెద్ద అక్షరాల్లో 150 పీఎస్ఐ (గాలి ఒత్తిడిని కొలిచే లెక్క) అని ఉంటుంది. అరచేతిలో పట్టేదానికీ అదే, ఐదు కిలోల బరువున్నదానికీ అదే. మన బండి టైర్‌కు కావాల్సింది 30, మహా అయితే 35. లారీ టైర్‌కు కూడా 150 కొట్టరు. కాబట్టి ఆ అంకెను పక్కన పెట్టి రెండు విషయాలు అడగండి: కరెంటు ఎన్ని ఆంపియర్లు లాగుతుంది, ఆపకుండా ఎంతసేపు నడుస్తుంది. ఈ రెండూ రాయని డబ్బా అయితే దాన్ని అక్కడే వదిలేయండి.

నాది డీజిల్ మహీంద్రా థార్, 245/75 ఆర్16 సైజు ఆల్ టెర్రెయిన్ టైర్లు, అంటే తారు రోడ్డుకూ మట్టి బాటకూ పనికొచ్చేవి. ఉండేది హన్మకొండలో. సెలవు దొరికితే ఎండాకాలం ఏటూరునాగారం వైపు గోదావరి ఇసుకలోకి, వానలు తగ్గాక భూపాలపల్లి, పరకాల వైపు ఎడ్లబండ్ల బాటల్లోకి పోతుంటాం. 2022 ఎండాకాలంలో కొన్న మిషన్ ఇప్పటికీ డిక్కీలోనే ఉంది. రెండు సిలిండర్లది, బ్యాటరీకి నేరుగా క్లిప్పులు పెట్టేది. ఏడు వేల లోపు పడింది. బ్రాండ్ పేరు కావాలనే చెప్పడం లేదు, ఎందుకంటే అచ్చం ఇదే బాడీ, ఇదే పైపు, ఇదే సంచి, స్టిక్కర్ మాత్రమే మార్చి మూడు నాలుగు పేర్లతో అమ్ముతున్నారు, రేపు ఇంకో పేరుతో రావచ్చు.

ఇసుకలో 30 గాలితో దిగితే టైర్ కోసుకుంటూ కిందికే పోతుంది. 16కు దించితే నేలకు ఆనే భాగం పొడవు పెరిగి బండి ఇసుక మీద తేలినట్టు నడుస్తుంది. అడవి బాటల్లో రాళ్లుంటాయి కాబట్టి 20, 22 దగ్గర ఆపుతాను. 12 కన్నా తక్కువకు మాత్రం పోను, మలుపులో గట్టిగా తిప్పితే టైర్ అంచు రిమ్ నుంచి ఊడే ప్రమాదం ఉంది. సరే, దించడం ఎవరైనా దించుతారు, పుల్లతో వాల్వ్ పిన్ను నొక్కినా గాలి పోతుంది. మళ్లీ ఎక్కించడం దగ్గరే తిప్పలు. ఆ 16తోనే ములుగు రోడ్డెక్కి 80 స్పీడులో వచ్చామనుకోండి, సైడ్‌వాల్, అంటే టైర్ పక్క భాగం, మడతలు పడీ పడీ వేడెక్కుతుంది, మే నెలలో తారు రోడ్డు వేడి దానికి తోడు, చివరికి టైర్ లోపల్నుంచే పాడవుతుంది, బయటికి కనిపించదు కూడా. బంకుల్లో గాలి మిషన్ ఉంటుంది, నిజమే, కానీ దాన్ని నడిపే మనిషి ఆ టైముకు ఉండాలి కదా.

ఇక రకాల సంగతి. సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెట్టే చిన్న మిషన్లు చెడ్డవేం కాదు, స్విఫ్ట్‌కో ఆల్టోకో రెండు మూడు పీఎస్ఐ తగ్గితే కొట్టుకోవడానికి సరిపోతాయి. కానీ సాకెట్‌కు చాలా బండ్లలో 15 ఆంపియర్ల ఫ్యూజు ఉంటుంది. 12 వోల్టులు, 15 ఆంపియర్లు అంటే 180 వాట్లు, అంతకు మించి సాకెట్ నుంచి తీయలేం. ఆ కాస్త కరెంటు కూడా స్ప్రింగు మీద నిలబడ్డ చిన్న ముక్క గుండా పోవాలి. పది నిమిషాలు నడిపాక ప్లగ్ పీకి చూడండి, వేలికి చుర్రుమంటుంది. మా బావమరిది బొలెరోలో అలాగే ప్లగ్ అంచు కరిగి సాకెట్‌కు అతుక్కుపోయింది, స్క్రూడ్రైవర్ పెట్టి లాగాల్సి వచ్చింది. నా మిషన్ 30 ఆంపియర్ల పైనే లాగుతుంది. అంత కరెంటు బ్యాటరీ నుంచి నేరుగా తీసుకోవాల్సిందే, దారిలో ఫ్యూజు ఉండాల్సిందే.

ఇక్కడ ఓ చిన్న లెక్క చెప్తా, దుకాణంవాడు చెప్పడు. నా టైర్ సైజులో లోపల ఖాళీ సుమారు 65 లీటర్లు ఉంటుంది. మన చుట్టూ ఉండే గాలి ఒత్తిడి 14.7 పీఎస్ఐ. అంటే టైర్‌లో 14, 15 పీఎస్ఐ పెంచాలంటే ఇంచుమించు ఆ టైర్ పట్టేంత గాలిని, 65 లీటర్లను, బయటి నుంచి లోపలికి తొయ్యాలి. నాలుగింటికీ కలిపి 260. డబ్బా మీద నిమిషానికి 35 లీటర్లు అని రాసిన చిన్న మిషన్ ఏడెనిమిది నిమిషాల్లో పని ముగించాలి కదా అనిపిస్తుంది. ముగించదు. ఆ 35 పైపు ఎటూ తగిలించకుండా, ఎదురు ఒత్తిడి లేనప్పటి లెక్క. టైర్‌లో ఇరవై దాటాక అందులో సగం కూడా రాదు. ఒక్కో టైర్‌కు ఐదారు నిమిషాలు, మధ్యలో చల్లారడానికి విరామాలు, మొత్తం కలిపి అరగంట పైమాటే. నా మిషన్ మీద 150 లీటర్లు అని రాసి ఉంది, అదీ అంతే, ఉత్తుత్తి 150, అయినా ఒక్కో టైర్ 16 నుంచి 30కి రెండు నిమిషాల లోపే ఎక్కుతుంది. తీరిగ్గా నాలుగూ కొట్టి, మూతలు బిగించి, సంచి సర్దుకునేసరికి పావుగంట.

ఆగకుండా ఎంతసేపు నడుస్తుందన్నది ఎండాకాలంలోనే తెలుస్తుంది. డబ్బా మీద ఉండే నిమిషాలు చల్లటి గదిలో కొలిచినవి అయ్యుంటాయి, మే నెలలో మధ్యాహ్నం గోదావరి ఇసుక మీద కొలిచినవి కావు. వేడి ఒక హద్దు దాటితే మిషన్ దానంతట అదే ఆగిపోతుంది. మొదటిసారి ఆగినప్పుడు కాలిపోయిందేమో అని టెన్షన్ పడ్డాం, ఇరవై నిమిషాలు బండి నీడలో పెడితే మళ్లీ పట్టుకుంది. ఆ రక్షణ ఉన్న మిషనే కొనండి, లేనిది మోటారు కాలేదాకా నడుస్తూనే ఉంటుంది. ఇంజన్ స్టార్ట్‌లో ఉంచే గాలి కొట్టాలి, ఇది మాత్రం మర్చిపోకూడదు. ఇంజన్‌తో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ నడుస్తుంటే 14 వోల్టుల దాకా అందుతుంది, మిషన్ చురుగ్గా తిరుగుతుంది, బ్యాటరీ మీద భారం పడదు. ఇంజన్ ఆపి కొడితే మూడో టైర్‌కొచ్చేసరికి మోటారు చప్పుడే మారిపోతుంది.

మీటర్ గురించి చాలామంది పొరపడతారు. పైపుకే ఉన్న మీటర్ మిషన్ నడుస్తున్నప్పుడు ఎక్కువ చూపిస్తుంది, ఎందుకంటే అది చూపేది టైర్‌లోని ఒత్తిడి ఒక్కటే కాదు, తోసుకొస్తున్న గాలి ఒత్తిడి కూడా. 33 కనిపించింది కదా అని ఆపితే ముల్లు 29కి పడిపోతుంది. మిషన్ ఆపి చూడాలి. దీనికి తోడు నా మీటర్ అసలు కొలత కన్నా రెండు పీఎస్ఐ ఎక్కువ చూపిస్తుందని విడిగా కొన్న గేజ్‌తో పోల్చాక తెలిసింది. నాలుగు టైర్లలోనూ అదే తేడా కాబట్టి పెద్ద ఇబ్బంది లేదు, రెండు ఎక్కువ కొడతాను. మంచి గేజ్ ఒకటి విడిగా జేబులో ఉంచుకోవడం మేలు. ఇంకోటి, ఇసుకలోంచి రాగానే టైర్లు వేడి మీద ఉంటాయి, అప్పుడు 30 కొడితే పొద్దున చల్లారాక 27, 28 చూపిస్తుంది, గాలి కారుతోందని కంగారు పడొద్దు. పొద్దున్నే ఇంకోసారి సరిచేసుకుంటే చాలు.

రేగడి సంగతి వేరే. భూపాలపల్లి వైపు నల్ల రేగడిలో గాలి దించితే బండి పోతుందని చెప్పేవాళ్లున్నారు, నా అనుభవంలో పెద్దగా లాభం లేదు. ఆ మట్టి టైర్ గాడుల్లో నిండిపోయి టైర్ నున్నగా బోడిగా అయిపోతుంది, గాలి 16 ఉన్నా 30 ఉన్నా జారుడే. పైగా గాలి తక్కువుంటే రిమ్‌కూ టైర్ అంచుకూ మధ్య బురద దూరి, ఇంటికొచ్చాక రోజుకు కొంచెం కొంచెం గాలి తగ్గుతుంటుంది. పంక్చర్ షాపులో నీళ్లలో ముంచితే మేకు ఉండదు, అంచు చుట్టూ సన్నటి బుడగలు వస్తాయి. రేగడిలోంచి బయటపడ్డాక గాలి కొట్టే ముందు వాల్వ్ కడగాల్సిందే. మూత తీయగానే చుట్టూ ఎండిన మట్టి పెచ్చు రాలి నేరుగా వాల్వ్ నోట్లో పడుతుంది, పైపు బిగించి మిషన్ వేస్తే ఆ మట్టి రేణువు పిన్ను కింద ఇరుక్కుని వాల్వ్ సరిగ్గా మూసుకోదు. బాటిల్ నీళ్లు, పాత టూత్ బ్రష్ సంచిలోనే పెట్టుకుంటాను. మూతలు తీయకముందే కడగాలి.

పైపు కొస గురించి కూడా చూసుకోండి. తిప్పి బిగించే ఇత్తడి కొస గట్టిదే, కానీ విప్పేలోపు బుస్సుమని గాలి పోతుంది, పైగా రెండో టైర్ దాటాక వేడెక్కి వేళ్లు కాలతాయి. నొక్కితే పట్టుకునే లీవర్ రకం హాయి. పొడవు ముఖ్యం: థార్ పొడవు ఇంచుమించు 4 మీటర్లు, బ్యాటరీ ముందుంది, వైరు, పైపు కలిపి వెనుక టైర్‌ను అందుకోవాలి. అందకపోతే మిషన్ చేత్తో పట్టుకుని నిలబడాలి, ఐదు కిలోలు, వేడి. వైరు కన్నా పైపు పొడవుగా ఉన్నది చూడండి, సన్నటి వైరు ఎంత పొడవైతే వోల్టేజీ అంత పోతుంది.

ఇన్నేళ్లలో చెడిపోయినవి చెప్తా. సంచి జిప్పు మొదటి ఏడాదే పోయింది. కింది రబ్బరు కాళ్లలో ఒకటి ఊడింది, అప్పట్నుంచి నడుస్తున్నప్పుడు అదురుకుంటూ పక్కకు జరుగుతుంది, గోనె సంచి మడిచి దాని మీద పెడతాను, ఇసుక పీల్చుకోకుండా కూడా అదే కాపాడుతుంది. పైపు మిషన్‌కు తగిలించే కప్లింగ్ దగ్గర గాలి కారడం మొదలైంది. అమ్మినవాళ్లకు రాస్తే మిషన్ మొత్తం నా ఖర్చుతోనే కొరియర్ చేయమన్నారు, వారంటీ ఉన్నట్టా లేనట్టా? సబ్బు నురగ రాసి ఎక్కడ బుడగ వస్తోందో చూసి, కప్లింగ్ విప్పి చేతిలో పట్టుకుని వరంగల్‌లో గాలి ఫిట్టింగులు అమ్మే షాపుకు పోతే, మర సరిచూసి కొత్తది ఇచ్చారు. టెఫ్లాన్ టేపు చుట్టి బిగించాను, పని అయిపోయింది. మోటారు, సిలిండర్లు మాత్రం ఇంతవరకూ ముట్టుకోలేదు. ఇవి నూనె అక్కర్లేని రకం, సాఫీగా తిరుగుతుందని ఎవరైనా రెండు చుక్కలు వేయమంటే వేయకండి, దుమ్ము అంటుకుని రింగులు అరిగిపోతాయి.

దుమ్ము అంటే గుర్తొచ్చింది, 2024 మేడారం జాతర. జంపన్న వాగు అవతల పార్కింగ్‌లో బొలెరో ఒకటి ఒక పక్కకు ఒరిగి ఉంది, డ్రైవర్ వచ్చి "అన్నా, గాలి మిషన్ ఉన్నదా? వెనక టైర్ కూసున్నది" అన్నాడు. "ఎంత గొట్టాలె తమ్మీ?" అంటే "జనం నిండ ఉన్నరన్నా, జర ఎక్కువనే గొట్టు" అన్నాడు. కొట్టాను. అది చూసి ఇంకొకరు, ఇంకొకరు. రాత్రి ఫిల్టర్ విప్పి చూస్తే తెల్లటి స్పంజి ఎర్రమట్టి ముద్దలా ఉంది. నీళ్లలో పిండి ఆరబెడితే మళ్లీ పనికొచ్చింది. ఫిల్టర్ తీసి కడుక్కునే వీలు లేని మిషన్లు కూడా అమ్ముతున్నారు, మన దుమ్ముకు అవి ఆగవు.

కార్డ్‌లెస్ మిషన్ల గురించి చాలామంది అడుగుతారు. బైకుకు, స్కూటీకి, కారులో రెండు పీఎస్ఐ తగ్గితే కొట్టుకోవడానికి అవి చాలా బాగుంటాయి, ఎంత కావాలో పెడితే అక్కడ ఆగిపోతాయి. కానీ నాలుగు పెద్ద టైర్లు 16 నుంచి 30 దాకా అంటే బ్యాటరీ సగంలోనే పడుకుంటుంది. పైగా ఎండలో నిలబెట్టిన బండిలో లిథియం బ్యాటరీ వదిలి పోవడం నాకు నచ్చదు. ఇక నైట్రోజన్ కొట్టించుకున్నాం, మామూలు గాలి కలపొచ్చా అంటారు. కలపండి, ఏమీ కాదు, మనం పీల్చే గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది.

ఈ మిషన్ చేయలేని పని ఒకటుంది. టైర్ అంచు రిమ్ నుంచి పూర్తిగా ఊడితే దీనితో మళ్లీ కూర్చోదు. దానికి ఒక్కసారిగా దండిగా గాలి కావాలి, ట్యాంకు ఉన్న పెద్ద కంప్రెసరే కావాలి. గోదావరి ఇసుకలో మా జట్టులో ఒకరికి అలా జరిగితే స్టెప్నీ వేసుకుని ఏటూరునాగారం దాకా పోయి పంక్చర్ షాపులో ఎక్కించుకున్నాం. నాలుగు టైర్లకూ ఒకేసారి కొట్టే నాలుగు కొసల పైపు కూడా దొరుకుతోంది, చూడ్డానికి బాగుంటుంది, కానీ మిషన్ ఇచ్చే గాలి అంతే కదా, నాలుగుగా పంచుకుంటుంది, టైం పెద్దగా మిగలదు, మధ్యలో వంగి లేచే పని తప్పుతుందంతే. నడుం నొప్పి ఉన్నవాళ్లు కొనుక్కోవచ్చు.