ఆరేళ్లుగా వాడుతున్న డ్రై సూట్: గుడ్డ బాగుంది, అంచులే బాధ

ఈ డ్రై సూట్ (నీళ్లలో పడ్డా ఒళ్లు తడవకుండా ఒంటినిండా వేసుకునే సూట్) కొని ఆరేళ్లయింది. హిమానీనదాల నుంచి దిగే నదుల్లో, ముఖ్యంగా ఇరుకు లోయల్లో కయాక్ అనే సన్నటి తెడ్డు పడవ నడపడానికే వాడాను. గుడ్డకు వంక పెట్టడానికి లేదు. నన్ను ఏడిపించినవి మెడ, మణికట్ల దగ్గర నీళ్లు దూరకుండా బిగుతుగా ఉండే లేటెక్స్ (పల్చటి రబ్బరు) పట్టీలు, ఆ తర్వాత జిప్పు.

హిమానీనదం కొస దగ్గర నీళ్లు సున్నా డిగ్రీలకు కాస్త పైన ఉంటాయంతే. అందులో పడగానే మన ప్రమేయం లేకుండానే ఊపిరి గుప్పున లోపలికి లాగేస్తాం. ఆ క్షణంలో తల నీళ్లలో ఉంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. కాసేపటికి చేతులు మొద్దుబారి తెడ్డు మీద పట్టు పోతుంది. సూట్ ఒళ్లు తడవకుండా చూస్తుంది కానీ వెచ్చగా ఉంచదు. అది లోపల వేసుకునే ఉన్ని, ఫ్లీస్ చేసే పని. మొదటి ఏడాది పల్చటి బనీనుతో దిగి, పళ్లు టకటకలాడుతుంటే బయటికొచ్చాను.

మూడో ఏడాది మెడ పట్టీ చేతికి జిగురుగా తగిలింది. ఎండ, సన్‌స్క్రీన్ రెండూ లేటెక్స్‌కి పడవు. ఇంకో ట్రిప్ ఆగుతుందిలే అనుకున్నా. రెండు పక్కలా నిట్టనిలువు గోడలున్న చోట పడవ తిరగబడింది. రెండుసార్లు రోల్ చేయబోయి (అంటే పడవలో ఉండే దాన్ని మళ్లీ పైకి తిప్పబోయి) కుదరక, నడుం చుట్టూ పడవ నోటిని మూసి ఉంచే స్కర్ట్ లాగేసి ఈదాను. అప్పటికే పట్టీ చిరిగింది. చన్నీళ్లు మెడ నుంచి కాళ్లలోకి జారుతున్నాయి. నీళ్లలో ఉన్నంతసేపు ఆ బరువు తెలియలేదు. మావాడు విసిరిన తాడు పట్టుకుని రాయి ఎక్కబోతే కాళ్లు రెండూ నిండు బిందెలు! పాదం దగ్గరుండే గుడ్డ సాక్సు ఉబ్బి బూటు ఊడనంది.

ఇక బురద సంగతి. ఈ నీళ్లలో బూడిదరంగు రాతి పిండి ఉంటుంది. పడవ అడుగున అది సన్నగా బుసకొడుతూ వినిపిస్తుంది. వినడానికి బాగానే ఉంటుంది కానీ జిప్పు పళ్లలో చేరితే అరగదీస్తుంది. నాది ఇత్తడి జిప్పు. ప్రతి ట్రిప్ తర్వాత మంచినీళ్లతో కడిగి, పళ్ల బ్రష్‌తో తోమి, మైనం రాయాలి. ఒకసారి బద్ధకించాను. జిప్పు బిగుసుకుపోయింది, రిపేరుకి పంపితే సగం సీజన్ పోయింది.

జిప్పు వీపు మీద ఉండటం ఇంకో తలనొప్పి. 1971లో వాల్ట్ బ్లాకడార్ అనే డాక్టర్ కెనడా నుంచి అలాస్కాలోకి పారే ఆల్సెక్ నదిలోని టర్న్‌బ్యాక్ కాన్యన్ అనే భయంకరమైన ఇరుకు లోయని ఒంటరిగా కయాక్‌లో దాటాడు. నాకేమో పక్కన మనిషి లేకపోతే జిప్పు వేసుకోవడమే రాదు.

లోపల తడిగా ఉంటే లీకేమో అని టెన్షన్ పడకండి, చాలాసార్లు అది చెమటే. అనుమానముంటే పట్టీలు మూసి, సూట్‌లోకి గాలి నింపి, పైన సబ్బునీళ్లు పూయండి. బుడగ లేచిన చోటే కన్నం.

సూట్ ఉంది కదా అని నేను చేసిన ఇంకో తప్పు, ఆలస్యంగా బయల్దేరడం. ఎండకు మంచు కరిగేకొద్దీ మధ్యాహ్నం నుంచి నది పొంగుతుంది. పొద్దున ఆనవాలు పెట్టుకున్న రాయి సాయంత్రానికి కనపడదు.

మళ్లీ కొంటానా? ఇదే గుడ్డ, ఇదే కుట్టు అయితే కొంటాను, జిప్పు మాత్రం ముందు వైపు ఉండాలి. ఈ సీజన్‌కి మెడ పట్టీ కొత్తది వేయించాను, ఇంకోటి ముందే కొని చల్లటి చోట, చీకట్లో దాచాను.