హోమ్ కేర్ రివ్యూ: సిస్టర్‌కి ఐదు, కంపెనీకి రెండున్నర

ముందే చెప్పేస్తున్నా, కంపెనీ పేరు రాయట్లేదు. వాళ్ల మనిషి ఇంకా మా అమ్మ దగ్గరే ఉంది, ఎవరో ఒకరు ఇది చూసి ఆ అమ్మాయిని ఇంకో ఇంటికి మార్చేస్తే నేను హైదరాబాద్ నుంచి పరిగెత్తాలి. పెట్టించుకునే ముందు నాలుగు కంపెనీలకి ఫోన్ చేశాం. నలుగురూ చెప్పింది ఒకటే, స్నానం చేయిస్తాం, బీపీ చూస్తాం, మందులేస్తాం, డైపర్ మారుస్తాం అని. పెద్దవాళ్లు ఒక వైద్యం చేయించుకోవాలో వద్దో తేల్చుకోవాల్సి వస్తే మీరేం చేస్తారు అని మేమూ అడగలేదు, వాళ్లూ చెప్పలేదు. ఎనిమిది నెలల్లో మాకు అసలు అవసరం పడింది దానికే.

అమ్మ విజయవాడ సత్యనారాయణపురంలో ఒక్కతే ఉంటుంది. 77 ఏళ్లు, రిటైర్డ్ లెక్కల టీచరు. పాతికేళ్ల నుంచి షుగర్, దాంతో కిడ్నీలు దెబ్బతిన్నాయి. అన్నయ్య అమెరికాలో. నా దగ్గరికి వచ్చెయ్యమంటే రాదు, అపార్ట్‌మెంట్లో తులసి కోట ఎక్కడ పెడతావే అంటుంది. మార్చిలో బాత్రూంలో జారి పడింది, ఎముకలేం విరగలేదు కానీ మాకు భయం పట్టుకుంది. అప్పుడు పెట్టించాం, ఇరవై నాలుగు గంటల అటెండెంట్ నెలకి 27 వేలు, వారానికోసారి నర్సు విజిట్ 700, రిజిస్ట్రేషన్ మూడు వేలు (ఇది వెనక్కి రాదు, అడిగి చూశాను).

రోజువారీ పనుల సంగతి త్వరగా చెప్పేస్తా. ఎనిమిది నెలల్లో ఐదుగురు అమ్మాయిలు మారారు. అందరూ మంచివాళ్లే, పని దొంగలు కారు, కానీ వచ్చిన ప్రతి మనిషికీ అమ్మ మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాలి. ఎడమ చెవి సరిగ్గా వినపడదు, కుడివైపు కూర్చుని మాట్లాడు, ఇడ్లీలోకి అల్లం చట్నీ వద్దు అంటూ. మూడో అమ్మాయి మే నెల మిట్ట మధ్యాహ్నం, పాపం ప్రేమతోనే, మామ్మగారికి చలవ చేస్తుందని కొబ్బరి బొండాం కొట్టించి తెచ్చింది. అంతకుముందు వారమే రక్త పరీక్షలో పొటాషియం 5.8 వచ్చింది. కిడ్నీలు ఇలా ఉన్నవాళ్లకి కొబ్బరి నీళ్లు మంచిది కాదని, పొటాషియం మరీ పెరిగితే గుండె మీదికి వస్తుందని ఆ పిల్లకి ఎవరు చెప్పారు? పంపేటప్పుడు కేసు గురించి ఒక కాగితం ఇచ్చి పంపొచ్చు కదా. ఆ కాగితం చివరికి నేనే రాసి ఫ్రిజ్ మీద అంటించాను.

ఇక సిస్టర్ గురించి, అంటే వారానికోసారి వచ్చే నర్సు. గన్నవరం వైపు నుంచి వస్తుంది, ముప్పై దాటి ఉంటాయి, స్కూటీ మీద. వచ్చిన మొదటి వారమే అటెండెంట్ రాసిన పుస్తకం తిరగేసి, మూడు రోజులు వరసగా తెల్లవారుజామున చెమటలు పట్టాయని ఉంటే అక్కడ ఆగింది. ఆ రాత్రి మూడున్నరకి షుగర్ చూడమని అమ్మాయికి చెప్పి వెళ్లింది. 54. కిడ్నీల పని తగ్గేకొద్దీ వేసుకున్న ఇన్సులిన్ ఒంట్లో ఎక్కువసేపు ఉండిపోతుందట, పాత డోసే వేసుకుంటూ పోతే ఇలా పడిపోతుంది. తనకి తానుగా డోసు మార్చలేదు, డాక్టరుకి ఫోన్ చేసి అమ్మకే ఫోన్ ఇచ్చింది. నాకు కాదు, అన్నయ్యకీ కాదు, అమ్మకి. అప్పుడు నాకు కొంచెం చిరాకు కూడా వేసింది, నిజం చెప్పాలంటే.

జూన్లో అసలు విషయం వచ్చింది. కిడ్నీలు ఎంత పని చేస్తున్నాయో చెప్పే ఈజీఎఫ్ఆర్ 13కి దిగింది. చేతికి ఫిస్టులా ఆపరేషన్ (డయాలసిస్ కోసం చేతిలో రెండు రక్తనాళాలని కలపడం) ముందే చేయించుకుంటే మంచిది, అది గట్టిపడటానికి నెలన్నర నుంచి మూడు నెలలు పడుతుంది, లేకపోతే ఎమర్జెన్సీలో మెడలో పైపు వేయాల్సి వస్తుంది అని డాక్టరు గారు నాకు ఫోన్లో చెప్పారు. అన్నయ్యా నేనూ ఒక వాట్సాప్ కాల్లో తేదీ కూడా ఖాయం చేసేశాం. అమ్మకి డయాలసిస్ అన్న మాట చెప్పకూడదు, భయపడుతుంది, చేతికి చిన్న ఆపరేషన్ అందాం అనుకున్నాం. మన ఇళ్లల్లో ఇలాగే చేస్తాం కదా. నాన్నగారి క్యాన్సర్ కూడా ఆయనకి చెప్పకుండానే ఆరు నెలలు దాచాం, ఆయనకి తెలుసని మాకు తర్వాత తెలిసింది.

ఇకమీదట ఎడమ చేతికి బీపీ పట్టీ కట్టొద్దు, రక్తం తీయొద్దు, ఆ నరాలు కాపాడాలి అని సిస్టర్‌కి చెప్పడానికి ఫోన్ చేస్తే, సరే మేడం అని, ఒక్క క్షణం ఆగి, "మామ్మగారికి తెలుసా?" అంది. లేదన్నాను. "రేపు ఎడమ చేతికి ఎందుకు కట్టట్లేదే అని అడుగుతారు మేడం. నేను అబద్ధం చెప్పలేను, మీరొచ్చి చెప్పండి" అంది. ఆ శనివారం వెళ్లాను.

ఆ మధ్యాహ్నం జరిగిందంతా రాస్తే చాలా అవుతుంది కానీ కొంచెమైనా రాయాలి. సిస్టర్ అమ్మకి కుడివైపు స్టూలు వేసుకుని కూర్చుంది. టీవీ కట్టేసింది. కిడ్నీలు నూటికి సుమారు పదమూడు వంతులు పని చేస్తున్నాయి మామ్మగారూ అంది. అమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుని, "పాస్ మార్కులు ఎంత?" అంది. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. డయాలసిస్ అంటే వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు, కడుపులో ట్యూబు పెట్టించుకుని ఇంట్లోనే చేసుకునే పద్ధతి ఇంకోటి ఉంది, అసలు డయాలసిస్‌కి వెళ్లకుండా దురద, ఆయాసం, వాంతులు లాంటివి మందులతో అదుపు చేసుకుంటూ ఉన్నన్నాళ్లు ఉండటం కూడా ఒక దారే అని ఒక్కొక్కటీ చెప్పింది. ఈ మూడోది డాక్టరు గారు నాకూ చెప్పారు. నేనే అన్నయ్యకి చెప్పకుండా మింగేశాను. చెప్పడం అయ్యాక, "ఇప్పుడు మీకేం అర్థమైందో నాకు చెప్పండి మామ్మగారూ, నేను సరిగ్గా చెప్పానో లేదో చూసుకుంటా" అంది. అమ్మ క్లాసులో అప్పజెప్పినట్టు అప్పజెప్పింది, ఒక చోట తప్పు చెబితే సిస్టర్ మళ్లీ చెప్పింది.

తర్వాత రూళ్ల నోటుబుక్కు తీసి, డాక్టరు గారిని అడగాల్సినవి అమ్మ చేతే రాయించింది. నేనైతే క్రియాటినిన్ గురించి రాసేదాన్ని. అమ్మ రాసినవి ఇవి: ఆ చేత్తో జడ వేసుకోవచ్చా, కార్తీకంలో కృష్ణలో స్నానం చేయొచ్చా, మధ్యలో వద్దనిపిస్తే ఆపెయ్యొచ్చా, ఆపేస్తే ఏమవుతుంది, నా పక్కన ఎవరు కూర్చోవాలి. వెళ్లినప్పుడు డాక్టరు గారు, పాపం ఓపికగా, అన్నిటికీ సమాధానం చెప్పారు. కడుపులో ట్యూబున్నా మెడలో పైపున్నా నది స్నానం కుదరదు, ఫిస్టులా అయితే గాయం పూర్తిగా మానాక, డయాలసిస్ లేని రోజు జాగ్రత్తగా చేయొచ్చు అన్నారు. అమ్మ అక్కడే తేల్చేసింది. ఫిస్టులా చేయించుకుంటాను, డయాలసిస్ అవసరం పడితే మూడు నెలలు చేసి చూస్తాను, నచ్చకపోతే ఆపేస్తాను, అప్పుడు మీరిద్దరూ నన్ను బతిమాలకూడదు. అన్నయ్య ఫోన్లో చాలాసేపు మాట్లాడలేదు.

ఆగస్టులో ఆపరేషన్ అయింది. ఇప్పుడు రోజూ పొద్దున్నే ఎడమ మణికట్టు దగ్గర వేళ్లు పెట్టి జుమ్మంటోందో లేదో చూసుకుంటుంది, తుమ్మెదని గుప్పిట్లో పట్టుకున్నట్టుందే అంటుంది. ఆ జుమ్మనడం ఆగితే వెంటనే ఫోన్ చేయాలని సిస్టరే నేర్పింది. డయాలసిస్ ఇంకా మొదలవ్వలేదు.

ఇదంతా కంపెనీ గొప్ప అనుకునేరు. కాదు. కంపెనీ ఒప్పందంలో అమ్మ సంతకానికి గడే లేదు. ఓటీపీ నాకు వచ్చింది, "పేషెంట్ తరఫున" నేను ఒప్పేసుకున్నాను, అయిపోయింది. వాళ్ల యాప్‌లో రిపోర్టులు అన్నయ్యకీ నాకూ వస్తాయి, అమ్మకి రావు. అమ్మ నంబరు కూడా చేర్చమని మూడుసార్లు అడిగితే "సీనియర్ సిటిజన్స్ కన్ఫ్యూజ్ అవుతారు మేడం" అన్నారు. నలభై ఏళ్లు పదో తరగతికి లెక్కలు చెప్పిన మనిషి! ప్యాకేజీలో "హెల్త్ కౌన్సెలర్ కాల్" అని ఒకటి ఉంది, అది వీడియోలో పదకొండు నిమిషాలు, సగం ఇంగ్లీషు, అమ్మ ఎదురుగా ఉండగానే నన్ను "పేషెంట్ ఏమనుకుంటున్నారు?" అని అడిగారు. చివర్లో ఫుల్ బాడీ చెకప్ అమ్మబోయారు. మొన్న సిస్టర్ సెలవు పెట్టిన వారం వచ్చినామె తిన్నగా ఎడమ చేతికే బీపీ పట్టీ చుట్టబోతే అమ్మే చెయ్యి వెనక్కి లాక్కుంది.

ఇంకోటి. తనకి మాట్లాడే స్పృహ లేకుండా పోతే ఏం చేయాలో ముందే రాసి పెట్టాలని అమ్మ అంటే, కోఆర్డినేటర్ "అవన్నీ లీగల్ మేటర్స్ మేడం" అని వదిలేశాడు. సిస్టర్‌కీ తెలియదు, తెలియదనే చెప్పింది. నేనే వెతుక్కున్నాను. ఇలా ముందే రాసి పెట్టుకునే కాగితాన్ని లివింగ్ విల్ అంటారు, దాన్ని సుప్రీంకోర్టు 2018లో ఒప్పుకుంది, 2023 జనవరిలో పద్ధతి తేలిక చేసింది, ఇప్పుడు ఇద్దరు సాక్షుల ముందు సంతకం పెట్టి నోటరీ దగ్గరో గెజిటెడ్ ఆఫీసర్ దగ్గరో ధ్రువీకరణ చేయించుకుంటే చాలు, మేజిస్ట్రేట్ దాకా వెళ్లక్కర్లేదు. "ఇంతేనా, టీసీకి ఇంతకన్నా ఎక్కువ తిప్పించేవాళ్లం" అంది అమ్మ. ఇంట్లో ముసలివాళ్లున్న వాళ్లతోనే వ్యాపారం చేసే కంపెనీ ఈ నాలుగు ముక్కలు ఒక కాగితం మీద వేసి ఇవ్వలేదా?

ఎవరైనా పెట్టించుకుంటుంటే ధర తర్వాత అడగండి, ముందు ఆ నర్సునే ఇంటికి రప్పించుకుని ఎవరితో మాట్లాడుతోందో చూడండి, మీతోనా మంచం మీదున్న మనిషితోనా. మేం వచ్చే నెలకి కూడా కట్టేశాం. సిస్టర్ మారితే మాత్రం మానేస్తామని మెయిల్ పెట్టాను. మూడు రోజులకి "నోటెడ్ మేడం" అని జవాబొచ్చింది.