కొండ కింద నాలుగు సిగార్లు

మే నెల ఎండల్లో తిరుపతి ప్రయాణం పెట్టుకుని, సంచిలో సిగార్లు వేసుకున్నామంటే తప్పు మాదే. మా బావ దుబాయ్ నుంచి వస్తూ ఒక పెట్టె డొమినికన్ రొబస్టోలు, అంటే పొట్టిగా లావుగా ఉండే సిగార్లు, తెచ్చాడు. మనిషికి 25 సిగార్ల దాకా సుంకం ఉండదు, ఆ లెక్క ఆయనకి కంఠోపాఠం. వాటిలో నాలుగు తీసి, తేమ సరిచేసే బొవేడా పొట్లంతో సహా టిఫిన్ డబ్బాలో పెట్టుకుని నెల్లూరు నుంచి కారులో బయలుదేరాం. అక్కకి మాత్రం చెప్పలేదు.

కొండ మీదికి పొగాకు ఏ రూపంలోనూ పోనివ్వరు. అలిపిరిలో కారైనా సంచైనా తనిఖీ అయ్యాకే కదలాలి. మేం మెట్ల దారిన వెళ్దామనుకున్నాం, 3550 మెట్లు. నడిచేవాళ్ళ సామాను టీటీడీ వాళ్ళే ఉచితంగా పైకి చేరుస్తారు. చక్కటి ఏర్పాటు, వంక పెట్టడానికి లేదు. ఆ క్యూలో సగం దూరం వెళ్ళాక బావ నా చెవిలో, "ఒరేయ్, డబ్బా ఈ బ్యాగులోనే ఉంది" అన్నాడు. వెనక్కి పరిగెత్తి కారు డిక్కీలో పడేసి వచ్చాను. అప్పటికి అది తెలివైన పనే అనిపించింది.

దర్శనం చేసుకుని మర్నాడు మధ్యాహ్నం దిగి వచ్చేసరికి డిక్కీ పొయ్యిలా ఉంది. రెండింటికి పై ఆకు చిట్లిపోయింది. సిగార్‌కి 65 నుంచి 70 శాతం తేమ, 18 నుంచి 21 డిగ్రీల చల్లదనం కావాలి. పొట్లం తేమని చూసుకుంటుంది గానీ వేడిని ఆపలేదు. 24 డిగ్రీలు దాటి అలాగే కొన్నాళ్ళు ఉంటే ఆకులో దాగిన పురుగు గుడ్లు పొదిగి, సూది బెజ్జాలు పడతాయి. కాబట్టి వేసవిలో వచ్చేవాళ్ళు డబ్బాని కారులో వదలకండి. కింద గది తీసుకుని, అందులో పెట్టి కొండెక్కండి. గదిలో ఫ్రిజ్ ఉంది కదా అని ఊరికే అందులో పెట్టినా ఆకు ఎండిపోతుంది, పక్కనున్న ఉల్లిపాయ వాసన కూడా పడుతుంది.

ఇక గదుల సంగతి. బస్టాండ్ దగ్గరి మొదటి హోటల్లో ఫోన్ చేసినప్పుడు "స్మోకింగ్ రూమ్ ఉంది సార్" అన్నారు. తీరా వెళ్ళి తాళాల బోర్డు లెక్కపెడితే 24 గదులు. 30 గదులు, ఆ పైన ఉన్న హోటళ్ళకే పొగతాగే గదులు విడిగా పెట్టుకునే వీలుంది. మిగతాచోట్ల కాలిస్తే 200 రూపాయల దాకా జరిమానా. వాళ్ళ గదిలో పాత సిగరెట్ కంపు, దాని మీద అగరొత్తి వాసన, తెరుచుకోని కిటికీ. "బాత్రూంలో కానిచ్చేయండి సార్" అని రూమ్ బాయ్ సలహా. గంటసేపు కాలే సిగార్‌ని బాత్రూంలోనా! పక్క శుభ్రంగా ఉంది, వేడినీళ్ళు తెల్లారి నాలుగింటికే వచ్చాయి. దర్శనానికి మాత్రమే వచ్చేవాళ్ళకి ఆ డబ్బుకి మంచి గదే. మాకు పనికిరాలేదు.

కపిలతీర్థం రోడ్డులో తీసుకున్న రెండోది ఖరీదెక్కువ. మేడ మీద పొగతాగడానికి విడిగా చోటుంది, కుర్చీలున్నాయి, ఎదురుగా శేషాచలం కొండలు. బావ అగ్గిపుల్ల గీసి, గంధకం వాసన పోయేదాకా ఆగి, సిగార్ మొన కాల్చబోయి ఆగిపోయాడు. "ఆ కొండ చూస్తూ కాల్చలేన్రా." కుర్చీలు వెనక్కి తిప్పుకున్నాం. ఇప్పుడు ఎదురుగా నీళ్ళ ట్యాంకులు. గాలికి ఒకవైపే కాలుతూ పోయాయి, సగంలో ఆర్పేశాం.

కొనుక్కుందామనుకునేవాళ్ళకి ఒక మాట. నేను అడిగిన కిళ్ళీ కొట్లలో గాజు సీసాలో పెట్టిన సన్న సిగార్లే దొరికాయి. వేళ్ళతో మెల్లగా నొక్కితే కరకరమన్నాయి. అలా చప్పుడైతే ఆకు ఎండిపోయినట్టే, కొనకండి. చెన్నై నుంచో బెంగళూరు నుంచో తెచ్చుకోవడం మేలు. పొగ లోపలికి పీల్చం కదా, ఏం కాదు అనేవాళ్ళూ ఉన్నారు. నోటి కేన్సర్‌కి ఆ తేడా పట్టదు. నేను నెలకి ఒకటి దాటను.

మర్నాడు కాణిపాకంలో దర్శనం చేసుకుని, చిత్తూరు దగ్గర స్నేహితుడి మామిడితోటకి చేరాం. తోతాపురి కాయలు కోతకి వస్తున్నాయి. గది చిన్నది, ఏసీ లేదు, రాత్రి దోమలు. అయినా ఈ ప్రయాణంలో నాకు నచ్చిన బస ఇదే. సాయంత్రం వసారాలో గాలి ఆగింది, తొందరపెట్టేవాళ్ళు లేరు.

తోట కాపలా తాత మా డబ్బా చూసి నవ్వాడు. "ఏంది నాయనా, సురుట్టుకి టిఫిన్ డబ్బానా?" అరవదేశం పక్కనే కదా, చుట్టని ఆయన సురుట్టు అంటాడు. ఇంగ్లీషువాళ్ళ చెరూట్ కూడా ఆ మాటలోంచి పుట్టిందే. తిరుచ్చి చుట్టలు ఒకప్పుడు ఓడలెక్కి లండన్ దాకా పోయాయి.

చిట్లిన సిగార్లు చూపించాను. ఒకటి నిలువునా విచ్చుకుంది, దానికి మందు లేదన్నాడు. రెండోదానికి సంగటి ముద్దలోంచి ఒక అన్నం మెతుకు తీసి, వేలితో మెదిపి, పై ఆకు కింద రాసి, బొటనవేలితో ఒత్తి పట్టుకున్నాడు. సిగార్లు చుట్టేవాళ్ళు కూడా నోట్లో పెట్టుకునే కొనని మూసే టోపీ ఆకు అంటించడానికి ఇలాగే కాస్త మొక్క జిగురు వాడతారు. పావుగంట ఆరనిచ్చి, బావా నేనూ ఆ ఒక్కటే మార్చుకుంటూ కాల్చాం. చివరి రెండంగుళాల దాకా ఆ అతుకు ఊడలేదు.

నిలువునా విచ్చుకున్నది తాతకే ఇచ్చాం. దాన్ని విప్పి, ఆకు వాసన చూసి, "ఘాటు లేదే" అని, తన చుట్టల్లో కలుపుకోవడానికి పంచె కొంగున ముడేసుకున్నాడు.