1824 పద్ధతా, 1876 పద్ధతా: చిక్కుముడి విప్పడానికి ఏది మేలు?

అమెరికాలో ఎన్నికలొచ్చిన ప్రతిసారీ ఇదే ప్రశ్న అడుగుతున్నారు. ఫలితం తేలకపోతే 1824లోలా ప్రతినిధుల సభకు వదిలేయడం మేలా, 1876లోలా కమిషన్ వేయడం మేలా? 1800లో జెఫర్సన్‌కూ బర్‌కూ చెరి 73 ఎలక్టోరల్ ఓట్లు (అధ్యక్షుణ్ని ఎన్నుకోవడానికి రాష్ట్రాలు పంపే ఎలక్టర్ల ఓట్లు) వచ్చిన గొడవ ఉంది కానీ, అధ్యక్ష, ఉపాధ్యక్ష ఓట్లు విడిగా లేని ఆ లొసుగును రాజ్యాంగ 12వ సవరణ పూడ్చేసింది. 1888లో తగువే లేదు: జనం ఓట్లు క్లీవ్‌లాండ్‌కు ఎక్కువ, ఎలక్టర్లు హారిసన్‌కు ఎక్కువ, అంతే.

1824లో ఎలక్టోరల్ ఓట్లు జాక్సన్‌కు 99, ఆడమ్స్‌కు 84, క్రాఫర్డ్‌కు 41, క్లేకు 37. కావాల్సింది 131. విషయం సభకు వెళ్లింది. అక్కడ రాష్ట్రానికి ఒక్కటే ఓటు. 34 మంది సభ్యులున్న న్యూయార్క్‌దీ ఒకటే, ఒకే ఒక్క సభ్యుడున్న ఇల్లినాయ్‌దీ ఒకటే. కెంటకీ చట్టసభ జాక్సన్‌కు వేయమని చెప్పినా, ఆ రాష్ట్ర ఓటు ఆడమ్స్‌కే పడింది. 24 రాష్ట్రాల్లో 13 తెచ్చుకుని ఆడమ్స్ గెలిచాడు, ఆయనకు మద్దతిచ్చిన స్పీకర్ క్లే విదేశాంగ మంత్రయ్యాడు. కుమ్మక్కని జాక్సన్ మనుషులు నాలుగేళ్లూ ఊరూరా చెప్పి 1828లో గెలిచారు. అన్యాయమే అనుకోండి, కానీ లెక్క మీద మాత్రం ఎవరికీ పేచీ లేదు.

1876లో పేచీ అంతా లెక్క మీదే. డెమొక్రాట్ టిల్డెన్‌కు 184, రిపబ్లికన్ హేస్‌కు 165. గెలవాలంటే 185. మిగిలిన 20లో ఫ్లోరిడావి 4, లూయిజియానావి 8, సౌత్ కరోలినావి 7, ఒరెగాన్‌ది 1. దక్షిణాన రిపబ్లికన్ ప్రభుత్వాలు ఇంకా మిగిలిన రాష్ట్రాలు వీటిలో మొదటి మూడే, అక్కడ తగువు పడిందీ ఆ మూడింట్లోనే. లూయిజియానాలో టిల్డెన్ 6,000కు పైగా ఆధిక్యంలో ఉంటే, అంతా రిపబ్లికన్లే ఉన్న రిటర్నింగ్ బోర్డు దాదాపు 15,000 ఓట్లు కొట్టేసింది. అందులో ఎక్కువ భాగం టిల్డెన్‌వే. మన రిటర్నింగ్ ఆఫీసర్‌తో పోల్చుకోకండి, ఆ బోర్డు తలచుకుంటే ఒక ఊరి ఓట్లన్నీ చెల్లవనేది. అలాగని టిల్డెన్ ఓట్లు కడిగిన ముత్యాలేం కావు. టిల్డెన్ వర్గంవాళ్లు నల్లజాతి ఓటర్లను కొట్టి, చంపి బూత్‌ల దగ్గరికి రానివ్వలేదు. సౌత్ కరోలినాలో పోలైన ఓట్లు అర్హులైన ఓటర్ల సంఖ్యనే దాటిపోయాయి.

నా దృష్టిలో అసలు కీలకం 12వ సవరణలోని ఒక వాక్యం. సెనేట్ అధ్యక్షుడు రాష్ట్రాలు పంపిన ఎలక్టర్ల ఓట్ల పత్రాలు విప్పుతాడు, ఆ తర్వాత ఓట్లు 'లెక్కించబడును'. ఎవరు లెక్కించాలి? కర్త లేడు! ఒకే రాష్ట్రం నుంచి రెండేసి పత్రాలు వస్తే ఏది అసలుదో తేల్చేదెవరు? సెనేట్ రిపబ్లికన్లది, ప్రతినిధుల సభ డెమొక్రాట్లది. అందుకే అయిదుగురు సెనేటర్లు, అయిదుగురు ప్రతినిధుల సభ సభ్యులు, అయిదుగురు సుప్రీంకోర్టు జడ్జీలతో కమిషన్ వేశారు. పదిహేనో మనిషిగా ఏ పార్టీకీ చెందని జస్టిస్ డేవిస్ వస్తాడనుకున్నారు. సరిగ్గా అప్పుడే ఇల్లినాయ్ చట్టసభ ఆయన్ను సెనేట్‌కు పంపింది. బదులుగా రిపబ్లికన్ బ్రాడ్లీ వచ్చాడు. ప్రతి తగువులోనూ 8–7. మొత్తం 20 ఓట్లూ హేస్‌కే, 185–184. ఆ ఏడాది ఆగస్టులోనే రాష్ట్రమైన కొలరాడో ఇచ్చిన 3 ఓట్లు లేకపోతే ఇదంతా దండగయ్యేది.

అందుకే నా మొగ్గు 1824 వైపే. ఇల్లినాయ్, న్యూయార్క్ ఒకే తక్కెడలో తూగడం నాకూ నచ్చదు. కానీ ఆ నియమం పోటీకి ముందే అందరి చేతుల్లో ఉంది. 1877లో ఆట ముగిశాక అంపైర్‌ను వెతికారు. పైగా తీర్పు వచ్చిన కొన్ని వారాలకే, అక్కడి రిపబ్లికన్ ప్రభుత్వాలకు అండగా ఉన్న ఫెడరల్ సైనికులు సౌత్ కరోలినా, లూయిజియానా చట్టసభ భవనాల కాపలా వదిలేశారు. ఆ మూల్యం చెల్లించింది అభ్యర్థులు కాదు, అక్కడి నల్లజాతి ఓటర్లు.

ఆ వాక్యానికి కర్తను వెతకడానికి కాంగ్రెస్‌కు మరో పదేళ్లు పట్టింది. 1887లో చేసిన ఆ చట్టం కూడా ఎంత గజిబిజిగా ఉందంటే, 2022లో మళ్లీ మరమ్మతు చేయాల్సి వచ్చింది.