మిద్దె మీద లెట్యూస్: ఐస్‌బర్గ్, రొమైన్, విడి ఆకుల రకం... ఏది మేలు?
మిద్దె తోటలో లెట్యూస్, అంటే సలాడ్లలో పచ్చిగా తినే ఆకుకూర, వేద్దామనుకునే వాళ్లు ముందు అడిగేది ఐస్‌బర్గ్ గురించే. బర్గర్లలో చూసిందీ, సూపర్ మార్కెట్‌లో క్యాబేజీలా గుండ్రంగా కనిపించేదీ అదే కదా. నా మాట వినండి, హైదరాబాద్‌లో దాని జోలికి వెళ్లకండి. గడ్డ కట్టడానికి దానికి 75 నుంచి 85 రోజులు కావాలి, అన్ని రోజులూ చల్లగా ఉండాలి. ఊటీలో సరే, ఇక్కడ నవంబర్ చివర్లో నాటితే గడ్డ బిగిసే వేళకి ఫిబ్రవరి ఎండ మొదలవుతుంది. నేను ఆరు మొక్కలు పెడితే ఒక్కటే గుప్పెడంత గడ్డ కట్టింది, మిగతావన్నీ నడిమధ్యన కాడ తన్నుకొచ్చి పూతకెళ్లిపోయాయి. ఆ కాడ విరిస్తే జిల్లేడు పాలలా తెల్లగా కారింది, ఆకు కొస కొరికితే నోరంతా చేదు!

విడి ఆకుల రకాలకి ఆ టెన్షన్ లేదు. 45-50 రోజుల్లో కోతకొస్తాయి, చుట్టూ ఉన్న ఆకులు గిల్లుకుని మధ్య చిగురు వదిలేస్తే మళ్లీ మళ్లీ వస్తూనే ఉంటాయి. ఆరంగుళాల లోతున్న టబ్బు చాలు. ఒక్కటే చికాకు, ఆకు అడుగున పేనుబంక చేరుతుంది, పచ్చిగా తినే ఆకు కాబట్టి నేను మందు జోలికి పోను, ఉత్త నీళ్ల ధారతో కడిగేస్తాను.

పొడుగాటి ఆకులతో నిలువుగా పెరిగే రొమైన్ ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది, కోతకి 60-70 రోజులు. తినడానికి మాత్రం నా ఓటు దీనికే, మధ్య ఈనె కరకరలాడుతుంది, నిమ్మరసం పిండినా వెంటనే మెత్తబడదు. నానబెట్టిన పెసరపప్పు, కొబ్బరి కోరు, సన్నగా తరిగిన రొమైన్, పైన ఇంగువ పోపు... మా ఇంట్లో వడపప్పు ఇప్పుడు చలికాలమంతా ఇలాగే. బలం సంగతి చూసినా ఐస్‌బర్గ్‌లో 95 శాతం నీళ్లే, రొమైన్‌లో విటమిన్ ఏ దానికి పది రెట్ల పైనే ఉంటుంది.

అలాగని తోటకూర మానేసి లెట్యూస్ తింటే ఆరోగ్యం అనుకోవద్దు. వంద గ్రాముల తోటకూరలో కాల్షియం 200 మిల్లీగ్రాముల పైన, అదే రొమైన్‌లో 30 చిల్లర. ఎండాకాలం కుండీలో బచ్చలి, తోటకూరే పెట్టండి, లెట్యూస్ కోసం షేడ్ నెట్లు కట్టి తంటాలు పడటం అనవసరం. విజయవాడ, రాజమండ్రి వైపు వాళ్లకైతే డిసెంబర్, జనవరి తప్ప మిగతా నెలలు వదిలేయడమే మంచిది, అదీ విడి ఆకుల రకమే.

ఇక విత్తనం మొలవలేదని చాలామంది అంటారు. మొదటిసారి నేనూ అర అంగుళం లోతున పూడ్చాను, ఒక్కటీ రాలేదు. దానికి వెలుతురు కావాలి, మట్టి పైనే చల్లి వేలితో అదమాలి, అంతే. అక్టోబర్‌లో ఇంకా వేడిగా ఉంటే తడిగుడ్డలో చుట్టి రెండు రోజులు ఫ్రిజ్‌లో పెట్టి చల్లండి, నాకు నాలుగో రోజుకే మొలకలు కనిపించాయి.