హుక్కు, రేక్, బంప్ కీ: సరిహద్దు ఊళ్ళలో దొరికే తాళాలకి ఏది మేలు?

లాక్ పికింగ్ (అసలు చెవి లేకుండా తాళం తెరిచే సరదా) సెట్ కోసం ఆన్‌లైన్‌లో వెతికితే ఇరవై ముక్కల సంచీ ఒకటి, దాని పక్కనే బంప్ కీల గుత్తి ఒకటి కనిపిస్తాయి. ఆంధ్ర-ఒడిశా సరిహద్దులో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు ఉండి ఈ సరదా మొదలుపెట్టేవాళ్ళు తరచు రెండోదాని మీదే మోజుపడతారు. తాళంచెవి దూర్చి ఒక్కటి కొడితే చాలట కదా అని! ఆర్డరు పెట్టేముందు ఇంట్లో ఉన్న తాళాలన్నీ బల్లమీద పరచి చూడండి. గేటుకి వేసే తాళంకప్ప, కొట్టు షట్టరు తాళం, పాత పెట్టె తాళం... వీటిలో ఎక్కువభాగం లివర్ తాళాలే (లోపల పిన్నుల బదులు పలకలు పేర్చినవి) ఉంటాయి. వీటిమీద బంప్ కీ పనిచేయదు. కొట్టినకొద్దీ చప్పుడే తప్ప ఫలితం ఉండదు.

పోల్చుకోవడం కష్టం కాదు. అలీగఢ్ సరుకులో చాలావాటికి కప్పమీదే ‘7 లివర్స్’ అని అచ్చు వేసి ఉంటుంది. గోద్రెజ్ నవ్‌తాల్ కూడా ఈ జాతిదే. తాళంచెవికి కాడ సాపుగా ఉండి, చివర మాత్రమే మెట్లుమెట్లుగా కోతలుంటే అది లివర్ తాళమని అనుకోవచ్చు. బల్లపరుపు చెవికి అంచు పొడవునా రంపపు పళ్ళలాంటి కోతలుంటే పిన్ తాళం. పళ్ళు లేకుండా ముఖం మీద గుండ్రటి గుంటలుంటే డింపుల్. అదీ పిన్ తాళమే, కానీ మామూలు హుక్కులు (పిన్నులు లేపే, కొస వంగిన పుల్లలు) అందులో తిరగవు.

ముందు బంప్ కీ సంగతి తేల్చేద్దాం. పిన్ తాళంలో ఒక్కో గదిలో చెవి తాకే పిన్ను, దానిమీద డ్రైవర్ పిన్ను, ఆపైన స్ప్రింగు ఉంటాయి. ఈ రెండు పిన్నులు కలిసేచోటు షియర్ లైన్ (ప్లగ్‌కీ, దాని చుట్టూ ఉన్న గూటికీ మధ్య గీత) దగ్గరికి వచ్చి ఆగితేనే చెవి దూరే లోపలి ప్లగ్ తిరుగుతుంది. క్యారమ్స్‌లో ఆనుకుని ఉన్న రెండు కాయిన్లలో మొదటిదాన్ని కొడితే అది అక్కడే ఉండి రెండోది ఎగిరిపోతుంది చూడండి, ఇక్కడా అదే సూత్రం. దెబ్బకి డ్రైవర్ పిన్ను ఎగిరి, కిందిది ఆగి, ఆ లిప్తకాలం సందులో ప్లగ్ తిరుగుతుంది. దీనికి అమెరికాలో 1920లలోనే పేటెంట్ ఉంది. అల్లరయింది మాత్రం 2000 తర్వాత, యూరప్‌లోని తాళాల సరదా క్లబ్బుల వాళ్ళు బహిరంగంగా చూపించినప్పుడు.

లివర్ తాళంలో రెండు ముక్కల పిన్నులే లేవు. ఎగరడానికి ఏమీ లేదు కాబట్టి సూత్రం వర్తించదు.

రెండో చిక్కు కొలతలది. బంప్ కీ అన్నది ఆ తాళపు రంధ్రం ఆకారంలోనే ఉండాలి. బయట అమ్మే గుత్తులు ఎక్కువగా క్విక్‌సెట్, ష్లేగ్ లాంటి అమెరికా తాళాల రంధ్రాలకి కోసినవి. మన కొట్లలో దొరికే సిలిండర్లలోకి (పిన్ తాళంలో చెవి దూరే భాగం) అవి దూరవు. పన్నెండు చెవుల గుత్తి కొంటే ఒక్కటైనా దూరకపోవడం ఇక్కడ మామూలే. మూడోది, దెబ్బలకి తాళం పాడవుతుంది. చెవి భుజం ప్లగ్ ముఖానికి తగిలి ఇత్తడి నొక్కుకుపోతుంది, పిన్నుల కొసలు అణుగుతాయి, చివరికి అసలు చెవే బిగుసుకుంటుంది. భుజం దగ్గర రబ్బరు రింగు వేస్తే దెబ్బ కొంత మెత్తబడుతుంది గానీ అరుగుదల ఆగదు. ఇంతాచేసి చేతికి నేర్చేదేమీ ఉండదు. తెరుచుకుంటే ఎందుకు తెరుచుకుందో, తెరుచుకోకపోతే ఎందుకు తెరుచుకోలేదో తెలియదు. నా లెక్కలో ఇది చివర కొనాల్సిన వస్తువు, లేదా అసలు కొనక్కర్లేనిది.

పికింగ్ గన్నుదీ అదే సూత్రం, ట్రిగ్గర్ నొక్కితే సూది పిన్నులన్నిటినీ ఒకేసారి కొడుతుంది. రంధ్రం ఆకారంతో పేచీ తక్కువ, అంతే తేడా. ధర చూస్తే దాని బదులు నాలుగు మంచి సిలిండర్లు కొనుక్కోవచ్చు.

అసలు పోటీ రేక్‌కీ హుక్కుకీ మధ్య. రేక్ అంటే కొస అలలు అలలుగా ఉన్న పుల్ల. ప్లగ్‌ని కొద్దిగా తిప్పిపట్టి, దీన్ని ముందుకీ వెనక్కీ ఆడిస్తే పిన్నులు వాటంతటవే సర్దుకుంటాయని ఆశ. చౌక తాళాల్లో గదులు వదులుగా ఉంటాయి కాబట్టి అర నిమిషంలో తెరుచుకుని కొత్తవాళ్ళకి ఉత్సాహమిస్తుంది. కాస్త నాణ్యమైన సిలిండర్ దగ్గర ఆ ఉత్సాహం చల్లబడుతుంది.

హుక్కుతో ఒక్కో పిన్నునీ విడిగా లేపుతారు. ముందు టెన్షన్ పుల్లని (ప్లగ్‌ని కొద్దిగా తిప్పిపట్టేది) రంధ్రంలో పెట్టి చూపుడువేలి కొసతో ఆనించండి. గోరు తెల్లబడిందంటే బలం ఎక్కువైనట్టే. హుక్కుని చివరి పిన్ను దాకా తోసి, ఒక్కోదాన్నీ తడుముతూ బయటికి రండి. స్ప్రింగులా మెత్తగా ఊగేవాటిని వదిలేయండి. గట్టిగా పట్టేసి ఉన్న పిన్ను ఒకటి తగులుతుంది, పని దానితో మొదలు. మెల్లగా లేపితే చిన్న ‘టిక్’, ఆ వెంటనే టెన్షన్ పుల్ల వెంట్రుకవాసి కదలడం, రెండూ తెలుస్తాయి. ఇప్పుడు ఇంకో పిన్ను బిగుస్తుంది. ఇలా పిన్నులన్నీ అయ్యేదాకా.

తెరుచుకోకపోతే టెన్షన్ వదలండి, కానీ మెల్లగా, మీ చెవిని తాళానికి దగ్గరగా పెట్టి వింటూ. టపటపమని రెండు మూడు చప్పుళ్ళు వినిపిస్తే పని సగం దాకా సరిగ్గానే జరిగింది. ఏ చప్పుడూ లేకపోతే ఒక్క పిన్నూ కుదరలేదన్నమాట. వదులుతుంటే చప్పుడు ఆలస్యంగా, గట్టిగా వస్తే టెన్షన్ మరీ ఎక్కువైంది. ఒక పిన్నుని అవసరానికి మించి లేపేస్తే చెవి తాకే పిన్నే షియర్ లైన్‌లో ఇరుక్కుంటుంది. అప్పుడు మొత్తం వదిలి మళ్ళీ మొదలుపెట్టడమే. ఇంకొకటి: ప్లగ్ నాలుగైదు డిగ్రీలు బాగా తిరిగి మొండికేస్తే లోపల నడుము సన్నగా కోసిన స్పూల్ పిన్ను ఉందని గుర్తు. అక్కడ బలం పెంచకూడదు, సడలించాలి. హుక్కుతో లేపుతుంటే ప్లగ్ వెనక్కి తిరగాలని చూస్తుంది. తిరగనివ్వాలి. రేక్‌తో దీన్ని పట్టుకోవడం అదృష్టం మీద ఆధారం. అందుకే ఒక్క రకమే కొనాలంటే హుక్కే కొనండి, పొట్టిది ఒకటి, కాస్త ఎత్తుది ఒకటి. ఇరవై ముక్కల సంచీలో చేతికి పనికొచ్చేవి నాలుగుకి మించవు.

చేసుకోవడమా కొనడమా అంటే, కొరియరు ఆలస్యమయ్యే ఊళ్ళలో చేసుకోవడమే తొందర. టెన్షన్ పుల్లకి బస్సు, లారీ వైపర్ రబ్బరులో ఉండే స్టెయిన్‌లెస్ స్టీలు పట్టీకి సాటిలేదు. మెకానిక్ షెడ్డులో అడిగితే పారేసేది ఇస్తారు. ఎనిమిది, తొమ్మిది సెంటీమీటర్ల ముక్క కోసి, చివరి సెంటీమీటరు కంటే తక్కువ మేర వంచాలి. పట్టకారుతో ఒక్కసారిగా లంబంగా వంచితే పగులుతుంది, కాస్త గుండ్రంగా, నిదానంగా వంచండి. హుక్కుకి హాక్సా బ్లేడు సరిపోతుంది, మందం 0.6 మి.మీ. ఉంటుంది. సన్నటి రంధ్రాలకి 0.4, 0.5 కావాలి, వాటికి మాత్రం కొన్నవే నయం. పళ్ళు మొత్తం అరగదీసి, కాడ వెడల్పు 2 నుంచి 2.5 మి.మీ.కి తేవాలి. సానరాయి మీద పెట్టినప్పుడు ప్రతి రెండు మూడు సెకన్లకీ నీళ్ళలో ముంచండి. ఉక్కు నీలిరంగు తిరిగిందా, పదును చచ్చి తాళంలో వంగిపోతుంది. కళ్ళద్దాలు తప్పనిసరి. చివర 400 నంబరు గరుకు కాగితం, తర్వాత 800తో అంచులు నున్నగా చేయాలి. ఈ పని వదిలేసినవాళ్ళ హుక్కు పిన్నుకి తట్టుకుంటూ తప్పుడు కబుర్లు చెబుతుంది.

సాధనకి పారదర్శక అక్రిలిక్ తాళం ఒక రోజు ముచ్చట. లోపల ఏం జరుగుతోందో కళ్ళకి కనిపిస్తుంది, అది చాలు. దాని గదులు ఎంత వదులంటే ఏ పుల్లతోనైనా తెరుచుకుంటుంది. దానికంటే పాత ఇనుము కొట్టులో తలుపు తాళాల సిలిండర్లు తూకానికి దొరుకుతాయి, చెవి ఉన్నది ఏరుకోండి. చెవి పెట్టి కొద్దిగా తిప్పి, వెనక క్లిప్పు తీసి, ప్లగ్‌ని తోసేటప్పుడు దాని వెనకే అంతే మందమున్న చెక్క కడ్డీ తోయాలి. మధ్యలో సందు వచ్చిందా, స్ప్రింగులూ డ్రైవర్ పిన్నులూ ఎగిరి మంచం కిందికి పోతాయి. కింద తెల్లగుడ్డ పరిస్తే వెతుకులాట తగ్గుతుంది. మొదట ఒక్క గదిలోనే పిన్నులు ఉంచి బిగించండి, అది చేతికి పట్టుబడ్డాక రెండు, తర్వాత మూడు. అయిదు పిన్నుల తాళంతో తిన్నగా కుస్తీపట్టడం కంటే ఈ దారి దగ్గర.

ఇక లివర్ తాళాలు. హుక్కు, రేక్ రెండూ ఇక్కడ దండగే. లోపల పలకలు ఒకదానిమీద ఒకటి పేర్చి ఉంటాయి. ప్రతి పలకకీ ఒక గాడి ఉంటుంది. అన్ని గాళ్ళూ ఒకే వరసకి వచ్చినప్పుడే బోల్టుకున్న మొలక వాటిలోంచి జారుతుంది. 1851లో లండన్ మహాప్రదర్శన సమయంలో చబ్ డిటెక్టర్ తాళం తెరిచి చూపించిన ఆల్ఫ్రెడ్ హాబ్స్ పేరుమీద, లివర్ తాళాలు తెరిచే పనిముట్టుని ఇప్పటికీ హాబ్స్ హుక్కు అంటారు. రెండు కాడలుంటాయి: ఒకటి బోల్టుని తోసిపడుతుంది, రెండోది పలకల్ని లేపుతుంది. 2 మి.మీ. సైకిల్ స్పోకు రెండు ముక్కలు చివర వంచితే పెద్ద షట్టరు తాళంలో పని నేర్చుకోవచ్చు. పిన్ తాళం కంటే బలం ఎక్కువ పెట్టాలి, లేకపోతే పలక లేచినా నిలవదు. గాడి పక్కన దొంగ గాళ్ళు కోసిన తాళమైతే మొలక అందులో చిక్కుకుంటుంది, బలం సడలించి ఆ పలకని మళ్ళీ చూసుకోవాలి. ఈ ప్రాంతంలో ఉండే మనిషికి, పిన్ తాళం మీద చెయ్యి కుదిరాక, రెండో పెట్టుబడి ఇదే.

సాధన ఎప్పుడూ సొంత తాళం మీదే, అదీ తలుపుకి వేసి లేనిదాని మీద. వాడుకలో ఉన్న తాళంలో పుల్ల విరిగితే ఇంట్లోవాళ్ళంతా వీధిలోనే. చొరబడే ఉద్దేశంతో తాళం తెరవడం భారతీయ న్యాయ సంహిత 330వ సెక్షన్ కింద ఇల్లు పగలగొట్టడమే అవుతుంది. సరంజామా సంచీలో వేసుకుని రైలెక్కి తిరగడం కూడా అనవసరపు ప్రశ్నలు కొనితెచ్చుకోవడమే.

బరంపురం, గోపాలపురం వైపు ఉప్పుగాలికి తాళాలు తొందరగా తుప్పు పడతాయి. కొబ్బరినూనె పోయకండి, దుమ్ము పట్టి జిగురవుతుంది, పిన్ను బిగుసుకుందో మురికికి పట్టిందో వేలికి తెలియదు. పెట్రోలుతో కడిగి ఆరబెట్టి, పెన్సిల్ గ్రాఫైట్ పొడి చిటికెడు వేస్తే చాలు.